ఆ పిల్ల లాంచీ ఎక్కిందా?

మా అత్తగారికి మా ఆయన మీద ఒక కోపం ఉంది. కన్నకొడుకే, అందులోనూ ఒక్కగానొక్కడు. అయినా ఆ కోపం ఇన్నేళ్ళుగా అలాగే ఉంది. ఆయన పుట్టబట్టే ఆవిడకి ఒక కథ ఆఖరు తెలియకుండా పోయిందట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పులుసులో ఉప్పెక్కువైందని ఆయన గొణిగితే, ఆవిడ వంటింట్లోంచే "నువ్వు మాట్లాడకురా, నీ మూలాన నా సీరియల్ పోయింది" అన్నారు. నాకు ముక్క అర్థం కాలేదు. ఇదేం కొంపరా బాబూ అనుకుని ఊరుకున్నాను.

సంగతి మెల్లగా తెలిసింది. ఆవిడ పెళ్ళయి రామచంద్రపురం వచ్చిన రోజుల్లో ఆ వీధిలో ఎవరూ వారపత్రిక విడిగా కొనుక్కునేవారు కాదు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకటి తెప్పించుకునేవారు. అది ఇల్లిల్లూ తిరిగి, అందరూ చదివేశాక, అందులో సీరియల్ కాగితాలు చించుకునే హక్కు ఒక ఇంటిది. ఈ సీరియల్ మీది, వచ్చేది మాది, ఆ తర్వాతది మూలింటివాళ్ళది అని ముందే వంతులు వేసుకునేవారు. చించిన కాగితాలు ట్రంకుపెట్టెలో దాచి, కథ పూర్తయ్యాక బజారులో బైండు చేయించుకునేవారు. మన గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో వెతికినా అలాంటి బైండు ఒకటి దొరుకుతుంది. అట్ట మీద పేరుండదు, మొదటి పేజీ మీద ఎవరిదో పసుపు చేతి మరక ఉంటుంది.

అత్తగారి వంతుకి వచ్చింది ఒక టైపిస్టు పిల్ల కథ. తాలూకా ఆఫీసులో ఉద్యోగం, తాగొచ్చే మొగుడు, రాచి రంపాన పెట్టే ఆడపడుచు. ఆ పిల్ల ఇల్లు విడిచి వెళ్ళిపోతుందా, ఓర్చుకుని పడి ఉంటుందా అని ప్రతివారం వీధి అరుగుల మీద పెద్ద తగువు. చివరికి ఆ పిల్ల చేతిసంచి పట్టుకుని గోదావరి రేవుకి వచ్చి నిలబడింది. ఎదురుగా లాంచీ. మిగతాది వచ్చేవారం.

ఈలోగా అత్తగారిని పురిటికి మండపేట, పుట్టింటికి తీసుకుపోయారు. ఆ ఇంట్లో వాళ్ళ నాన్నగారు కథల పత్రిక అన్నదాన్ని గడప తొక్కనిచ్చేవారు కాదు. మా ఆయన పుట్టాడు. చంటివాణ్ణి చంకనేసుకుని ఆవిడ తిరిగి రామచంద్రపురం వచ్చి, పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేయకముందే పక్కింటికి పరిగెత్తారట. ఆఖరి సంచిక గల్లంతు! ఎవరింట అల్మారాలో పరిచారో, ఏ పకోడీల పొట్లం అయిందో, ఎవరూ ఒప్పుకోలేదు.

పోనీ చదివినవాళ్ళు చెప్పొచ్చుగా అంటారేమో. చెప్పారండి, అదే వచ్చిన చిక్కు. పక్కింటావిడ "ఎక్కేసిందమ్మా, లాంచీ ఎక్కేసింది" అంది. ఎదురింటావిడ "చాల్లే, ఎక్కలేదు, ఇంటికెళ్ళిపోయింది" అంది. ఇద్దరూ చదివినవాళ్ళే. ఇద్దరూ దేవుడి మీద ఒట్టేశారు. ఆ మాట మీద వాళ్ళిద్దరూ కొన్నాళ్ళు మాట్లాడుకోవడం కూడా మానేశారు. దాంతో మా అత్తగారు "ఎవరి మాటా నాకొద్దు, నా కళ్ళతో నేను చదివితే గానీ నమ్మను" అని కూర్చున్నారు. మా ఆయన వయసెంతో ఆ ఎదురుచూపు వయసూ అంతే.

నేను లెక్కల టీచర్ని. నాకు కథలంటే చిరాకు. రాసినవాళ్ళకి ఆఖరు తెలిసినప్పుడు అదేదో మొదటి పేజీలోనే చెప్పి పుణ్యం కట్టుకోవచ్చుగా అనిపిస్తుంది. అందుకని ఆవిడ ఆ టైపిస్టు పిల్ల ఊసెత్తినప్పుడల్లా నేను ఊఁ కొట్టి నా పేపర్లు దిద్దుకునేదాన్ని.

పోయినేడు ఆవిడ కళ్ళకి గ్లకోమా అని తేలింది. మేం ఆలస్యంగా వెళ్ళాం. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటి చూపు నాలుగు పక్కల నుంచీ ముడుచుకుపోతోంది. "ఉన్నది కాపాడుకోడానికి చుక్కలు వేయండమ్మా, ఎన్నాళ్ళుంటుందో మాత్రం నేను మాటివ్వలేను" అన్నారు మేముండే రాజమండ్రిలోనే డాక్టరుగారు. ఆటోలో ఇంటికి బయల్దేరాం. కోటిపల్లి బస్టాండు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అత్తగారు నా చెయ్యి పట్టుకుని "అమ్మాయ్, చూపు పూర్తిగా పోయేలోగా ఆ పిల్ల లాంచీ ఎక్కిందో లేదో చూడాలే" అన్నారు.

నవ్వొచ్చింది నాకు. ఇంటికెళ్ళి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడిచాను.

ముందు ఫోన్‌లో వెతికాను. పాత పత్రికలు ఫొటోలు తీసి పెట్టినవాళ్ళు ఉన్నారు గానీ మాకు కావలసిన సంచిక మాత్రం లేదు. మా స్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు "మన ఊళ్ళో అంత పెద్ద గ్రంథాలయం పెట్టుకుని ఫోన్‌లో వెతుకుతారేంటి మేడం?" అన్నారు. నిజమే. ఆ భవనం ముందు నుంచి రోజూ స్కూటీ మీద పోతాను. లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. సరేనని ఆ మర్నాడే సెలవు పెట్టి మరీ వెళ్ళాను. తాళం! శుక్రవారం లైబ్రరీలకి సెలవని ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసట, నాకొక్కదానికే తెలియదు.

శనివారం మళ్ళీ వెళ్ళాను. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్తే, అబ్బ, ఏమి చల్లదనం! ఎత్తయిన పైకప్పు, గచ్చునేల, పెద్ద పెద్ద కిటికీలు. ముందు హాల్లో పెద్దవాళ్ళు న్యూస్‌పేపర్లు చదువుకుంటున్నారు. ఒకాయన పేపరు మధ్యకాగితం పక్కాయనకి ఇచ్చి, ఆయన దగ్గరున్నది తను తీసుకున్నారు, ఒక్క మాట లేకుండా. లోపలి హాలంతా ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే పిల్లలు. కడియం నర్సరీల వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, టిఫిన్ డబ్బా బల్ల కింద పెట్టుకుని, సాయంత్రం దాకా తల ఎత్తకుండా చదివే ఆడపిల్లలు ఉన్నారు అక్కడ. మా స్కూల్లో నెత్తీ నోరూ బాదుకున్నా రాని నిశ్శబ్దం ఇక్కడ ఎవరూ అరవకుండానే వచ్చింది. టీచరుగా నాకు కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

మేడ మీద పాత పత్రికల విభాగం. అక్కడ లైబ్రేరియన్ గారు నాకంటే చిన్నావిడ. నా కథంతా చెప్పాను. మా ఆయన పుట్టింది ఏ నెలో చెబితే, దాన్ని పట్టుకుని, సంచికలు కలిపి కుట్టిన ఏ బౌండు వాల్యూములో ఉండొచ్చో లెక్క కట్టాం. ఇన్నాళ్ళకి మా ఆయన పుట్టుక ఆ కథకి కాస్త పనికొచ్చింది. ఆవిడ ఇనప బీరువాల వరసల మధ్యకి వెళ్ళి, అరచేతి వెడల్పు మందం ఉన్న పుస్తకం గుండెకి ఆనించుకుని తెచ్చారు. నేను తెరవబోయి ఆగిపోయాను. నేను ముందు చూస్తే అత్తగారు నా ముఖం చూసే కనిపెట్టేస్తారు. "ఇంటికి ఇస్తారాండీ?" అన్నాను.

"ఇవి బయటికి ఇవ్వమండీ. ఆవిణ్ణే తీసుకురండి" అన్నారు.

"మెట్లు ఎక్కలేరండీ. పైగా పైకి చదువుకుంటారు, కూడబలుక్కుని. ఇక్కడ మాట్లాడకూడదని రాశారుగా."

ఆవిడ "మామ్మగారిని పైకి ఎక్కించకండి. కింద పిల్లల విభాగంలో కూర్చోబెట్టండి, పుస్తకం అక్కడికి తెప్పిస్తాను. ఈ బిల్డింగ్ మొత్తంలో పైకి చదవనిచ్చేది ఆ గదిలోనేనండి" అన్నారు. నాకు ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

మర్నాడు ఆదివారం. అత్తగారు పెళ్ళికి వెళ్తున్నట్టు పట్టుచీర కట్టారు. "లైబ్రరీకి పట్టుచీరేంటమ్మా?" అన్నాడు మా ఆయన. "నువ్వు మాట్లాడకు" అన్నారావిడ. ఆయన నోరు మూసుకుని మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి పోయాడు.

పిల్లల గదిలో అన్నీ చిట్టిచిట్టి కుర్చీలు, రంగు బల్లలు. తూర్పు కిటికీలోంచి వెలుతురు బల్ల మీద పడుతోంది. అత్తగారికి కావలసింది అదే. ఒక చిన్న కుర్చీలో ఆవిడా, ఇంకోదాంట్లో నేనూ, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. బొమ్మల పుస్తకాలు చూస్తున్న పిల్లలు ముగ్గురో నలుగురో మమ్మల్ని వింతగా చూశారు. లైబ్రేరియన్ గారు స్వయంగా పుస్తకం తెచ్చి, మెత్తటి గుడ్డ పరిచి దాని మీద పెట్టారు.

అత్తగారు భూతద్దం తీసి, కుడికన్ను దగ్గరగా పెట్టుకుని పేజీలు తిప్పారు. సంచిక దొరికింది. విషయసూచికలో సీరియల్ పేరు దొరికింది. ఆ పేజీకి వెళ్తే పేజీ లేదు. నాలుగు కాగితాలు, కుట్టు పక్కనే, బ్లేడుతో కోసినట్టు నున్నగా లేచిపోయాయి.

లైబ్రేరియన్ గారి ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో, ఇది ఎప్పటి పనో ఏంటో మామ్మగారూ" అన్నారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. పదిమంది పుస్తకాన్ని కోసుకుపోవడానికి చేతులెలా వచ్చాయి అని గట్టిగానే తిట్టాను.

అత్తగారు మాత్రం ఆ కోసిన అంచుని వేలితో తడిమి నవ్వారు. "ఏ ఇంటావిడో పాపం. బైండుకి ఆఖరి వారం తక్కువైంది కాబోలు. నా చేతికి దొరికితే నేనూ అదే చేద్దును" అన్నారు. తర్వాత నవ్వు పోయింది. భూతద్దం బల్ల మీద పెట్టేసి "పదమ్మా, ఇంటికి పోదాం. నాకు ప్రాప్తం లేదు" అన్నారు. ఆ మాట ఆవిడ నోట అంతకుముందు వినలేదు నేను. డాక్టరుగారి దగ్గర కూడా అనలేదు.

"ఒక్క పావుగంట కూర్చోండి మామ్మగారూ" అన్నారు లైబ్రేరియన్ గారు. ఆవిడ చెప్పింది వింటే నాకు ఆశ్చర్యమేసింది. ఊళ్ళో పాత ఇళ్ళు కొట్టేసి అపార్టుమెంట్లు కట్టుకునేవాళ్ళు, అటకల మీద పెద్దవాళ్ళు దాచిన ఇంటి బైండులు తెచ్చి లైబ్రరీకి ఇచ్చిపోతుంటారట. పేరుండదు, కొన్నిటికి అట్ట కూడా ఉండదు. అమ్మే సరుకు కాదు, అరలో పెట్టుకునే అందమూ ఉండదు. అయినా వాళ్ళు ఒక్కటీ పారేయలేదు. మొదటి పేజీ చూసి కథ పేరు కాగితం ముక్క మీద రాసి అంటించి, వాటికని ఒక బీరువా కేటాయించి, కలరా ఉండలు వేసి కాపాడుతున్నారు. ఎవరు అడుగుతారని? మా అత్తగారిలాంటివాళ్ళు ఒకనాటికి వచ్చి అడుగుతారని. ఊరికి ఇంతకంటే పెద్ద ఉపకారం ఏముంటుంది చెప్పండి? ఆ క్షణంలో ఆ భవనం మీద నాకు కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది.

పావుగంట అన్నావిడ చాలాసేపటికి వచ్చారు, చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ముతో. చేతిలో ఒక బైండు. వీపుకి పాత లంగాగుడ్డ అంటించి ఉంది. టైపిస్టు పిల్ల కథ!

"ఆఖరిది ఉందో లేదో నేను చూడలేదండి. మామ్మగారే చూడాలి" అన్నారు. ఆవిడ కూడా మాలాగే తయారయ్యారు అప్పటికి.

ఉంది. రేవు, లాంచీ, చేతిసంచి. అత్తగారు భూతద్దం పట్టుకుని ఒక్కొక్క మాటే పైకి చదవడం మొదలుపెట్టారు. వాక్యానికీ వాక్యానికీ మధ్య కన్ను తుడుచుకుంటున్నారు. పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. రెండు జడల పిల్ల ఒకతి "లాంచీ అంటే ఏంటండీ?" అంది. "మీ బ్రిడ్జీలు రాకముందు గోదావరి దాటించేది. పెద్ద మోటారు పడవ. ఉండు, మధ్యలో అడక్కు" అన్నారు అత్తగారు.

లాంచీ కూత వేసింది. లాంచీ నడిపే సరంగు తొందర చేశాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి గట్టు వైపు ఒకసారి చూసింది. లాంచీకీ రేవుకీ మధ్య వేసిన చెక్క మీద కుడికాలు మోపింది. పేజీ అయిపోయింది. ఆ వెనక బైండు అట్టే.

"ఎక్కేసింది కదా, అయిపోయిందిగా" అన్నాను. హమ్మయ్య అనిపించింది నాకు.

"అయిపోతే సమాప్తం అని ఏదే?" అన్నారావిడ. "సీరియల్ అయిపోతే సమాప్తం అని వేస్తారు. ఇక్కడ లేదు. కింద ఏదో ఉంది చూడు, చిన్నగా."

పేజీ అడుగున, బైండు చేసినతను కత్తిరించగా మిగిలిన సగం అక్షరాలు. వంగి చూశాను. మిగతా ఫలానా పేజీలో అన్నట్టుంది. అంకె కత్తెరకి పోయింది.

అప్పుడు వెలిగింది నాకు. పత్రికల్లో చోటు చాలనప్పుడు కథ తోక తీసుకెళ్ళి చివర్లో, ప్రకటనల పక్కన వేసేవారు. ఈ బైండు చేయించుకున్న ఇంటావిడ ముందు పేజీలు చించుకుని, వెనక తోక మరిచిపోయింది. పక్కింటావిడ కూడా చెక్క దాకానే చదివి, ఎక్కేసిందని తీర్మానించేసింది.

"అత్తయ్యా!" అని అరిచాను, నిజంగానే అరిచాను, అది పిల్లల గది కాబట్టి సరిపోయింది. "మరి లైబ్రరీ పుస్తకం కోసుకుపోయినావిడ కూడా మీలాంటిదేగా? ఆవిడ మాత్రం తోక గుర్తుపెట్టుకుని కోసి ఉంటుందా?"

బౌండు వాల్యూము ముందుకి లాగాను. కోసిన చోటు దాటి, ఆ సంచిక చివరి పేజీలకి వెళ్ళాను. తలనూనె ప్రకటన. దాని పక్కన ఒక్క కాలమ్, పైన మన సీరియల్ పేరు. బ్లేడు దాని జోలికి రాలేదు. నేను చదవలేదు, ఒట్టు. అరచేత్తో కప్పేసి అత్తగారి ముందుకి జరిపాను.

ఆవిడ నా చెయ్యి తీయించారు. భూతద్దం కుడికంటికి దగ్గరగా పెట్టుకున్నారు. లైబ్రేరియన్ గారు కిటికీ తెర ఇంకాస్త పక్కకి లాగారు.

ఆ పిల్ల చెక్క మీద నుంచి కాలు వెనక్కి తీసుకుంది. లాంచీ వెళ్ళిపోయింది. గట్టెక్కి, మొగుడి ఇల్లున్న వీధి మలుపు దగ్గర ఆగకుండా నేరుగా నడిచి, తను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ఖాళీగా ఉన్న గది అద్దెకి అడిగింది. మర్నాడు పొద్దున్న ఆ గదిలోంచే ఆఫీసుకి వెళ్ళింది. సమాప్తం.

ఆ చివరి మాట అత్తగారు రెండుసార్లు చదివారు.

"లాంచీ ఎక్కలేదు. ఇంటికీ పోలేదు. చూశావా, ఒకావిడ చెక్క దాకా, ఇంకొకావిడ గట్టెక్కేదాకా చదివి ఊరుకుని, ఇద్దరూ తప్పే చెప్పారు మొద్దు మొహాలు! ఇప్పుడు తిడదామన్నా ఇద్దరూ లేరు" అన్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, చూపు లేని కంటిలోంచి కూడా. చాలా నెమ్మదిగా "ఊరు దాటకుండా, ఆ కొంపకి తిరిగి వెళ్ళకుండా ఇలా కూడా ఉండొచ్చని అప్పట్లో నాకు తోచనే లేదు సుమా" అన్నారు.

రామచంద్రపురంలో ఆ రోజుల్లో ఆవిడ ఏం పడ్డారో నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మామగారి ఫొటోకి ఆవిడ ఎందుకు దండ మార్చరో మాత్రం తొలిసారి ఆలోచించాను. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. వద్దనలేదు.

భూతద్దాన్ని పట్టుచీర చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టారు. "ఇది నువ్వుంచుకో. నా కళ్ళతో చదవాల్సింది అయిపోయింది. ఇక నీ కళ్ళతో చదువు" అన్నారు.

"ఏం చదవాలి అత్తయ్యా?"

"ఇది అయిపోతే వచ్చేవారం కొత్తది మొదలుపెడతారుగా. పేజీ తిప్పు. అది మూలింటివాళ్ళ వంతు, నేను సరిగ్గా చదవలేదు."

తిప్పాను. కొత్త సీరియల్, మొదటి భాగం, ఎవరూ చించలేదు. కథలంటే చిరాకుపడే నేను, ఆ చిట్టికుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని పైకి చదివాను. అత్తగారు కళ్ళు మూసుకుని విన్నారు. పిల్లలు విన్నారు. లైబ్రేరియన్ గారు పనున్నా వెళ్ళకుండా గుమ్మానికి ఆనుకుని విన్నారు. పేజీ చివరికి రాగానే ఆ వారానికి అయిపోయిందనుకుని పుస్తకం మూయబోయాను.

"అప్పుడే మూసేస్తావేంటే?" అన్నారు అత్తగారు, కళ్ళు తెరవకుండానే. "వెనక పేజీ చూడు."